దువ్వెనకు వేసిన తాళం

“కొట్టు పెట్టుకున్నాక దొంగల భయం ఉండదా? అనుమానం ఉన్నచోట ఒక కన్ను వేసి ఉంచుతారు. దానికి జాతి వివక్ష అనే పెద్ద పేరెందుకు?”

అమెరికాలో నల్లజాతి మహిళలు జుట్టు సరుకులు కొనబోయిన చోట పడే అవమానాల గురించి మాట వచ్చినప్పుడల్లా వినిపించే జవాబు ఇది. తెల్లవాళ్లు ఇదే అంటారు. ఆ సరుకులు అమ్మేవాళ్లు ఇదే అంటారు. గ్యాస్ స్టేషన్లూ చిన్న చిన్న స్టోర్లూ నడుపుకుంటున్న మనవాళ్లూ ఇదే అంటారు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో తెలుగువాళ్లు నలుగురు చేరి భోజనాలకు కూర్చున్నప్పుడు ఈ మాట పడితే, కాదనే గొంతు అరుదుగా లేస్తుంది. “గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమెందుకు?” అని పైగా ఒక సామెత తగిలిస్తారు. వినడానికి ఇది లోకం చూసినవాళ్ల మాటలా, వ్యాపారం కష్టం తెలిసినవాళ్ల మాటలా ఉంటుంది. అందుకే ఇంతకాలం చెల్లుబాటవుతోంది. కానీ ఈ మాట లెక్కకు నిలవదు, న్యాయానికి నిలవదు, ఆఖరికి వ్యాపారానికీ నిలవదు.

ముందు అక్కడ జరిగేదేమిటో చూద్దాం. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో బ్యూటీ సప్లై స్టోర్ అనే దుకాణం తప్పకుండా కనిపిస్తుంది. గోడల నిండా విగ్గులు, సవరాలు, జడల్లో కలిపి అల్లుకునే జుట్టు కట్టలు. అరల్లో షియా బటర్ డబ్బాలు, తలకు రాసి కడగకుండా వదిలేసే కండిషనర్లు, నుదుటి అంచున వెంట్రుకల్ని అణిచిపెట్టే జెల్లులు, రాత్రిపూట తలకు పెట్టుకునే శాటిన్ టోపీలు. లోపల అడుగుపెట్టగానే చేతిసంచి కౌంటర్ దగ్గర వదిలి వెళ్లమంటారు. ఒక వరస నుంచి ఇంకో వరసలోకి మళ్లితే వెనకాలే ఒక మనిషి వస్తాడు, సర్దనవసరం లేని సీసాలను సర్దుతూ. ఏదైనా చేతిలోకి తీసుకుంటే “కొంటావా?” అనే ప్రశ్న. డబ్బు కట్టాక చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పడేస్తారు. అన్ని కొట్లూ ఇలాగే ఉంటాయని కాదు. కానీ ఏ ఊరి నల్లజాతి మహిళను కదిపినా ఇందులో ఏదో ఒకటి తనకు జరిగిందనే చెబుతుంది. కొట్లోకి పంపేముందు పిల్లలకు తల్లులు చెప్పే జాగ్రత్తలు ఆ ఇళ్లలో పెంపకంలో భాగమైపోయాయి: చేతులు జేబులో పెట్టకు, కొననిది తాకకు, రసీదు పారేయకు, లోపల సంచి తెరవకు.

పెద్ద సూపర్ మార్కెట్లలో ఇదే అనుమానం అద్దాల అల్మరా రూపంలో ఉండేది. 2018 జనవరిలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీకి చెందిన ఒక నల్లజాతి మహిళ వాల్‌మార్ట్ మీద దావా వేసింది. పెరిస్ పట్టణంలోని ఆ సంస్థ దుకాణంలో నల్లవాళ్లు వాడే జుట్టు, చర్మ సంరక్షణ సరుకుల్ని మాత్రం తాళం వేసిన అద్దాల వెనక ఉంచారని, మిగతావాళ్లు వాడే అవే రకం సరుకులు పక్కనే అందరి చేతికీ అందేలా ఉన్నాయని ఆమె ఫిర్యాదు. ఆమెకు కావలసినది అర డాలరు కూడా చేయని దువ్వెన. దానికోసం ఉద్యోగిని పిలవాలి, తాళం తీయించాలి, దువ్వెనను ఆ ఉద్యోగే బిల్లు కౌంటర్ దాకా మోసుకెళ్లాలి. డబ్బు కట్టేదాకా అది ఆమె చేతికి రాదు. జాతి వివక్షను తాము సహించబోమని, ఏ సరుక్కి అదనపు భద్రత కావాలో ఏ దుకాణానికి ఆ దుకాణం చూసుకుని నిర్ణయిస్తుందని సంస్థ అప్పట్లో సమాధానమిచ్చింది.

ఆ సమాధానాన్నే పరీక్షకు పెడదాం. దొంగతనం భయంతో తాళం వేసేవాడు దేనికి వేస్తాడు? ఖరీదైన దానికి వేస్తాడు, ఎక్కువగా పోయేదానికి వేస్తాడు. అర డాలరు దువ్వెన ఖరీదైనది కాదు. ఎక్కువగా పోతోందంటారా, తాళం గీత ఒక్కొక్క సరుకు లెక్కను బట్టి అటూ ఇటూ వంకర తిరగాలి. ఈ నూనెకు వేసి ఆ నూనెకు వేయకుండా, రేజరు బ్లేడ్లకు వేసి దువ్వెనలకు వేయకుండా ఉండాలి. ఆమె ఫిర్యాదులో చెప్పిన గీత అలా లేదు. నల్లవాళ్ల సరుకుల అర ఎక్కడ మొదలైందో అక్కడ తాళం మొదలైంది, ఆ అర ఎక్కడ ముగిసిందో అక్కడ తాళం ముగిసింది. సరుకు ధర, సరుకు నష్టం ఆ గీతను గీయలేదు. ఆ సరుకు ఎవరి తలకు వెళ్తుందనేదే గీసింది. జాతిని బట్టి జరిగిన ఏర్పాటుకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఇంకేం కావాలి?

2020 మే నెలలో పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరవాత దేశమంతా వీధుల్లోకి వచ్చింది. డెన్వర్‌లోని ఒక టీవీ చానల్ ఈ తాళాల అల్మరాల సంగతి మళ్లీ బయటికి తీసింది. జూన్‌లో వాల్‌మార్ట్ ఆ పద్ధతిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తమ 4,700 దుకాణాల్లో సుమారు డజను చోట్లే అది ఉండేదని చెప్పుకుంది. వెనువెంటనే వాల్‌గ్రీన్స్, సీవీఎస్ అనే మందుల దుకాణాల సంస్థలు కూడా తాము అలా చేయబోమని ప్రకటించాయి. ఆ తాళాలు నిజంగా దొంగతనాల లెక్కల మీద పడ్డవే అయితే, ఆ లెక్కలు ఒక్క వారంలో మారిపోయాయా? మారింది లెక్క కాదు, సిగ్గు. జనం అడిగేసరికి తాళాలు ఊడిపోయాయి. అడగకపోతే ఇంకెన్నేళ్లు వేలాడేవో.

ఇక మొదటి వాదన, దొంగతనాల మాట. దుకాణాల్లో దొంగతనాలు జరగవని ఎవరూ అనడం లేదు. జరుగుతాయి, చిన్న వ్యాపారిని అవి దెబ్బతీస్తాయి కూడా. ప్రశ్న ఒక్కటే: చర్మం రంగు చూసి దొంగను గుర్తుపట్టగలమా? దీన్ని ఊహకు వదిలేయనక్కర్లేదు. అట్లాంటా ప్రాంతంలోని ఒక మందుల దుకాణంలో పరిశోధకులు కెమెరాల సాయంతో వెయ్యిమందికి పైగా కొనుగోలుదారుల్ని వాళ్లకు తెలియకుండా గమనించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. గమనించినవాళ్లలో 8.5 శాతం మంది ఏదో ఒకటి దొంగిలించారు. దొంగను పట్టిచ్చినవి వాళ్ల చేతలు: ప్యాకెట్లు విప్పి చూడటం, కెమెరాలు ఎక్కడున్నాయో వెతకడం, ఏమీ కొనకుండా బయటికి వెళ్లిపోవడం. ఈ చేతలతో పోలిస్తే జాతి ఎందుకూ కొరగాని గుర్తు అని తేలింది. అదే పరిశోధకులు ఇంకో సంగతీ బయటపెట్టారు. ఎవర్ని గమనించాలో ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చేసరికి, ముందే శిక్షణ పొందిన పరిశీలకుల ఎంపికలో కూడా మనసులో పాతుకున్న మూస అభిప్రాయాలు చొరబడ్డాయి. శిక్షణ పొందినవాళ్ల గతే ఇదైతే, ఏ శిక్షణా లేకుండా గంటకింత అని జీతానికి నిలబడ్డ సేల్స్ కుర్రాడి చూపు ఎటు పోతుందో వేరే చెప్పాలా?

ఆ చూపు ఎటు పోతే నేరం అటే దొరుకుతుంది. పదిమందిలో ఇద్దరి వెనకే నడిచేవాడికి ఆ ఇద్దరి తప్పులే కనిపిస్తాయి. మిగతా ఎనిమిదిమంది ఏం పట్టుకెళ్లారో అతనికెప్పటికీ తెలియదు. అలా పట్టుబడ్డవాళ్ల లెక్క తీసుకొచ్చి, “చూశారా, దొంగలంతా వాళ్లే” అంటారు. ఆ లెక్కే మర్నాటి అనుమానానికి ఆధారమవుతుంది. ఈ లోపల అసలు నష్టం ఎటుపోతోంది? అమెరికా రిటైల్ వ్యాపారుల జాతీయ సంఘం 2022 ఆర్థిక సంవత్సరానికి ఇచ్చిన సర్వే ప్రకారం, సరుకు నష్టం మొత్తం అమ్మకాల్లో సగటున 1.6 శాతం. అందులో బయటివాళ్ల దొంగతనం 36 శాతం, సొంత ఉద్యోగుల దొంగతనం 29 శాతం, లెక్కల తప్పులూ నిర్వహణ లోపాలూ 27 శాతం. బయటి దొంగ పట్టుకుపోయినదాంట్లో అయిదింట నాలుగు వంతులంత లోపలివాడే పట్టుకుపోతున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనకు తెలిసిన మాటే. అయినా నిఘా కళ్లన్నీ నెత్తికి రాసుకునే క్రీము కోసం వచ్చిన ఆడమనిషి వీపు మీదే.

ఇక్కడ మనవాళ్లు ఒక బలమైన మాట అంటారు, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. గ్యాస్ స్టేషన్లలో, చిన్న స్టోర్లలో రాత్రి షిఫ్టులు చేస్తూ దుండగుల తుపాకులకు బలైన తెలుగు పిల్లలు ఉన్నారు. ఆ శవపేటికలు ఊళ్లకు వచ్చినప్పుడు ఏ తల్లి ఎలా ఏడ్చిందో మనం చూశాం. ఆ భయం నిజం. కానీ ఆ భయానికి మందు ఏమిటి? రాత్రివేళ ఒక్కణ్నే నిలబెట్టకుండా ఇద్దర్ని ఉంచడం, గల్లాలో తక్కువ నగదు ఉంచడం, కౌంటరుకు గట్టి అద్దం, పిలిస్తే పలికే అలారం. వీటికి యజమాని డబ్బు ఖర్చు పెట్టాలి. పట్టపగలు కండిషనర్ సీసా మీద అక్షరాలు చదువుకుంటున్న మహిళ వెనక నడిస్తే ఆ తుపాకీ ఆగదు. తుపాకీ పట్టుకొచ్చినవాడు చేసిన పాపానికి అదే రంగున్న ప్రతి మనిషినీ జవాబుదారు చేస్తున్నాం. ఒక తెలుగువాడు వీసా మోసంలో దొరికాడని తెలుగువాళ్లందర్నీ విమానాశ్రయంలో పక్కకు నిలబెడితే మనం ఏమంటాం? అన్యాయం అంటాం. అదే న్యాయం ఆమెకూ కావాలి.

రెండో వాదన: “ఆ కొట్లలో ఉండేది తెల్లవాళ్లు కాదు కదా. వాళ్లూ వలస వచ్చినవాళ్లే, రంగున్నవాళ్లే. వాళ్లకు జాతి వివక్ష ఎక్కడిది?” ఈ మాట చెప్పేవాళ్లకు ఆ వ్యాపారం పుట్టిన కథ తెలియాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నల్లజాతి స్త్రీల జుట్టు సరుకులు తయారుచేసిందీ అమ్మిందీ నల్లజాతి స్త్రీలే. ఆనీ టర్న్‌బో మలోన్, మేడమ్ సి. జె. వాకర్ ఇంటింటికీ తిరిగే అమ్మకందారుల్ని వేల సంఖ్యలో తయారుచేశారు. 1954లో షికాగోలో మొదలైన జాన్సన్ ప్రొడక్ట్స్, 1971లో అమెరికన్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో చోటు సంపాదించిన తొలి నల్లజాతి సంస్థ అయింది. మరోవైపు 1960ల నడుమ చైనా జుట్టుతో చేసిన విగ్గుల్ని అమెరికా నిషేధించింది. దక్షిణ కొరియా తమ దేశపు ముడి జుట్టును బయటికి పోనీయకుండా విగ్గులుగా తయారుచేసే పంపింది. కొన్నేళ్లలో విగ్గు ఆ దేశపు ప్రధాన ఎగుమతుల్లో ఒకటైపోయింది. 1965 వలస చట్టం తరవాత వచ్చిన కొరియన్లు నల్లవాళ్ల పేటల్లో విగ్గులు అమ్ముతూ బతుకు మొదలుపెట్టారు. తయారీ, దిగుమతి, టోకు, చిల్లర అన్నీ క్రమంగా ఒకే భాష మాట్లాడే వర్తకుల చేతికి వచ్చాయి. పెద్ద నల్లజాతి సంస్థల్ని తరవాత బహుళజాతి కంపెనీలు కొనేశాయి. సొంతంగా కొట్టు పెట్టబోయిన నల్లజాతి వ్యాపారులు, టోకు వర్తకులు తమకు సరుకివ్వరని మొరపెట్టుకుంటూనే ఉన్నారు.

ఆ కొరియన్ కుటుంబాల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. పద్నాలుగేసి గంటలు నిలబడ్డవాళ్లు, 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లలో కొట్లు కాలిపోయి వీధినపడ్డవాళ్లు వాళ్లలో ఉన్నారు. కానీ కష్టం అనుభవించినవాడు ఇంకొకడికి కష్టం పెట్టడనే హామీ చరిత్రలో ఎక్కడా లేదు. వలస వచ్చినవాడు ఆ దేశంలో మొదట నేర్చుకునే పాఠాల్లో ఎవర్ని గౌరవించాలి, ఎవర్ని అనుమానించాలి అన్నది ఒకటి. ఆ పాఠం ఎంతదూరం తీసుకెళ్తుందో లతాషా హార్లిన్స్ చావు చెబుతుంది. 1991 మార్చి 16న లాస్ ఏంజెలెస్‌లోని ఒక కిరాణా కొట్లో ఆ పదిహేనేళ్ల పిల్ల 1 డాలరు 79 సెంట్ల నారింజ రసం సీసా తీసి వీపు సంచిలో పెట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చింది. చేతిలో రెండు డాలర్లున్నాయి. దొంగతనం అనుకున్న యజమానురాలు సంచి పట్టుకుని లాగింది, పెనుగులాట జరిగింది, వెనుదిరిగిన పిల్లను తల వెనక కాల్చి చంపింది. నేరం రుజువైనా ఆమెను జైలుకు పంపలేదు. అయిదేళ్ల ప్రొబేషన్, 400 గంటల సేవ, 500 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. “ఒక కన్ను వేసి ఉంచడమే కదా” అనేవాళ్లు ఈ పేరు తెలుసుకోవాలి. అనుమానం ఎప్పుడూ కన్ను దగ్గరే ఆగుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

ఈ వ్యవహారంలో మనం దూరంగా నిలబడి చూసే ప్రేక్షకులం కాము. ఆ గోడలకు వేలాడే సవరాల్లో మన జుట్టు ఉంది. తిరుమల కళ్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఏలూరు, చెన్నై లాంటి చోట్ల చిక్కు తీసి, కడిగి, పొడవుల వారీగా వేరుచేసి దేశాలు దాటిస్తారు. 2009లో వచ్చిన ‘గుడ్ హెయిర్’ డాక్యుమెంటరీ కోసం నటుడు క్రిస్ రాక్ ఈ జుట్టు పుట్టిల్లు వెతుక్కుంటూ భారతదేశం దాకా వచ్చాడు. మన అమ్మలు మొక్కు తీర్చుకున్న జుట్టుకు అక్కడ వందల డాలర్ల ధర పలుకుతోందంటే, ఆ ధర కట్టేవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఆ నల్లజాతి మహిళలే. వాళ్ల కొనుగోలు మీద మనవాళ్ల వ్యాపారం కూడా నిలబడింది. వాళ్లకు జరిగే అవమానం మనకు సంబంధం లేని సంగతి ఎలా అవుతుంది?

పైగా చిల్లర బల్ల మీద పడేయడం అంటే ఏమిటో ప్రపంచంలో అందరికంటే ముందు మనకు తెలియాలి. మన పల్లెల్లో దళితుడు డబ్బు అరుగు మీద పెడితే, సరుకు పైనుంచి దోసిట్లో వేసిన రోజులు ఎంతో వెనక లేవు. హోటల్లో వాళ్లకు వేరే గ్లాసు. మంగలి షాపులో జుట్టు కత్తిరించం అని తిప్పిపంపిన ఊళ్ల గురించి మన పత్రికల్లోనే చదివాం. అప్పుడూ చేసినవాళ్లు దాన్ని ద్వేషం అనలేదు. ఆచారం అన్నారు, శుభ్రత అన్నారు, ఊరి కట్టుబాటు అన్నారు. ఇప్పుడు అట్లాంటాలో చేసేవాళ్లు భద్రత అంటున్నారు, వ్యాపార జాగ్రత్త అంటున్నారు. తాకకుండా డబ్బు తీసుకోవడం, తాకకుండా సరుకివ్వడం, మనిషి సొమ్ము కావాలి గానీ మనిషి వద్దనడం రెండుచోట్లా ఒకటే. ఇది గుర్తుపట్టలేని తెలుగువాడు తన ఊరి చరిత్రను కూడా సరిగ్గా చదవలేదన్నమాట.

మూడో వాదన: “అంత అవమానంగా ఉంటే ఇంకో కొట్టుకు వెళ్లొచ్చు కదా.” ఎక్కడికి వెళ్లాలి? నల్లవాళ్ల జుట్టు ఎక్కువగా గట్టి మెలికలు తిరిగి ఉంటుంది. మాడు నుంచి నూనె కొసల దాకా సులభంగా పాకదు కాబట్టి తొందరగా ఎండి తెగుతుంది. మామూలు షాంపూ, మామూలు దువ్వెన దానికి సరిపోవు. తగిన సరుకులు మామూలు దుకాణాల్లో ఒకటి రెండు అరలకు మించి ఉండవు. మరి జుట్టును ఊరికే వదిలేస్తే? ఉద్యోగంలో, బడిలో “ఇలా ఉంటే కుదరదు” అన్నారు. ఆ వేధింపు ఎంత విస్తరించిందంటే, సహజమైన జుట్టునూ జడలనూ బట్టి మనిషి పట్ల వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం తేవాల్సి వచ్చింది. ఆ తరవాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. సమాజం ఒకపక్క జుట్టు చక్కగా ఉంచుకుని రమ్మంటుంది, ఇంకోపక్క చక్కబెట్టుకునే సరుకు కోసం వెళ్తే దొంగలా చూస్తుంది. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మనిషికి “వేరే కొట్టుకు వెళ్లు” అనడం సలహా అనిపించుకోదు.

ఈ సరుకును చేత్తో పట్టుకుని చూడటం ఆరోగ్యానికి సంబంధించిన అవసరం కూడా. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. జుట్టు సాపు చేసే రసాయనాలు ఎన్నడూ వాడని మహిళల్లో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అయితే, తరచూ వాడేవాళ్లలో అది 4.05 శాతం అని అంచనా వేశారు. ఆ అధ్యయనంలో గడిచిన ఏడాదిలో ఈ రసాయనాలు వాడామని చెప్పినవాళ్లలో సుమారు 60 శాతం నల్లజాతి మహిళలు. అలాంటప్పుడు సీసా తిప్పి అందులో ఏమేం కలిపారో చదవడానికి, రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి, నచ్చనిది తిరిగి పెట్టేయడానికి ఆమెకు తీరిక కావాలి. తాళం వేసిన అల్మరా ముందు ఉద్యోగి చేతిగడియారం చూసుకుంటూ నిలబడితే, వెనక ఒకడు కాచుకుని ఉంటే, ఆమె ఏదో ఒకటి తీసుకుని బయటపడుతుంది. నిఘా ఆమె గౌరవాన్నే కాదు, తన ఒంటికి ఏది మంచిదో ఎంచుకునే అవకాశాన్ని కూడా తీసేస్తోంది.

నాలుగో వాదన అన్నిటికంటే క్రూరమైనది: “అదంతా వాళ్ల ఊహ. ఉద్యోగులు అందరి వెనకా తిరుగుతారు.” ఈ ఊహను కూడా పరీక్షించి చూశారు. 2009లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఖరీదైన దుకాణాలకు నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేర్వేరుగా పంపారు. అందరూ ఒకే కోరిక కోరారు: పెట్టుకుని అద్దంలో చూసుకోవడానికి చలువ కళ్లద్దాలకు తగిలించిన భద్రతా బిళ్ల తీసివ్వమన్నారు. ఏ ఉద్యోగీ కాదనలేదు. కానీ నల్లవాళ్లు అడిగినప్పుడు తేరిపారచూడటం, వెంట నడవడం లాంటివి ఎక్కువయ్యాయి. నోటితో మర్యాద, కంటితో అనుమానం. ఆ మహిళలు చెప్పేది సరిగ్గా ఇదే. 2019లో గాయని సిజా కాలిఫోర్నియాలోని ఒక సెఫోరా సౌందర్య సామగ్రి దుకాణంలో తను దొంగతనం చేస్తుందేమోనని ఉద్యోగి సెక్యూరిటీని పిలిచినట్టు చెప్పింది. ఆ సంస్థ జూన్‌లో అమెరికాలోని తన దుకాణాలన్నీ కాసేపు మూసి సిబ్బందికి శిక్షణ ఇచ్చింది. తరవాత అదే సంస్థ చేయించిన అధ్యయనంలో, ప్రతి అయిదుగురు కొనుగోలుదారుల్లో ఇద్దరు జాతి వల్లో రంగు వల్లో తమకు దుకాణాల్లో అన్యాయం జరిగిందని చెప్పారు. వ్యాపారే సొంత డబ్బు పెట్టి అడిగించుకున్న ప్రశ్నకు వచ్చిన జవాబు ఇది. పేరూ డబ్బూ ఉన్న గాయనికే ఈ అనుభవం ఎదురైతే, బస్సు దిగి నడిచొచ్చిన ఆయా మాట ఎవరు వింటారు?

“అన్యాయం జరిగితే కోర్టులున్నాయి” అని చివరికొక మాట మిగులుతుంది. 1964 పౌర హక్కుల చట్టం హోటళ్లు, భోజనశాలలు, సినిమా హాళ్లు, పెట్రోలు బంకుల వంటి చోట్ల వివక్షను నిషేధించింది. ఆ జాబితాలో మామూలు చిల్లర దుకాణాలు లేవు. 1866 నాటి పౌర హక్కుల చట్టాన్ని పట్టుకుని కోర్టుకెళ్తే, కొనడానికి అడ్డుపడ్డారని చూపించాలి. వెంట నడిచారు, అవమానించారు, అయినా చివరికి సరుకు అమ్మారు కదా అని కోర్టులు కొట్టేసిన కేసులు అనేకం. 2020లో సుప్రీం కోర్టు ఇంకో మెట్టు ఎత్తు పెంచింది: జాతి అనే కారణమే లేకపోతే ఆ నష్టం జరిగేది కాదని ఫిర్యాదీయే నిరూపించాలంది. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల సొంత చట్టాలు కొంత నయం. కానీ ఎనిమిది డాలర్ల జెల్ కొనబోయి పడ్డ అవమానానికి ఎవరు లాయరును పెట్టుకోగలరు? చట్టం చేయి అందని ఈ చోటే మన నడవడికకు అసలైన పరీక్ష.

కాబట్టి చేయవలసింది చేతికందేంత దగ్గరే ఉంది. తాళం వేయాలనుకుంటే ధర చూసి వేయండి, ఆ దుకాణంలో నిజంగా పోయిన సరుకు లెక్క చూసి వేయండి, ఆ లెక్క అడిగినవాళ్లకు చూపించండి. గమనించాలనుకుంటే చేతల్ని గమనించండి, చర్మాన్ని కాదు. సంచి బయట పెట్టించే నియమం ఉంటే అందరి సంచులూ పెట్టించండి. ఆ సరుకు గురించి తెలిసిన నల్లజాతి మహిళల్ని ఉద్యోగంలోకి తీసుకోండి, గల్లా దగ్గరే కాకుండా అజమాయిషీలో కూడా. ఆ వ్యాపారంలోకి రావాలనుకునే వాళ్లకు టోకు సరుకు నిరాకరించకండి. కౌంటర్ వెనక నిలబడే తెలుగు విద్యార్థులకు, కొట్లు నడిపే తెలుగు యజమానులకు ఒక్క మాట: వచ్చినవాళ్లను పలకరించండి, చిల్లర చేతిలో పెట్టండి. వెంట నడవమని యజమాని చెబితే, నడవనని చెప్పే ధైర్యం తెచ్చుకోండి. ఆ ధైర్యానికి ఉద్యోగం పోయే ప్రమాదముందని తెలుసు. అందుకే ఆ భారం పార్ట్‌టైమ్ చేసుకునే పిల్లవాడి మీద కాకుండా ముందుగా యజమాని మీద ఉండాలి. తెలుగు సంఘాలు ఆట పాటల మధ్య ఒక గంట ఈ సంగతి మాట్లాడటానికి కేటాయించగలవు. మన ఉద్యోగాలకూ వీసాలకూ తలుపు తీసిన 1965 వలస చట్టం ఎవరి పోరాటాల వేడిలో వచ్చిందో పిల్లలకు చెప్పగలవు. నల్లవాళ్లు వీధుల్లో దెబ్బలు తిని తెచ్చుకున్న హక్కుల నీడలోనే మనం ఇళ్లు కట్టుకున్నాం.

అనుమానించడం వ్యాపారి హక్కు అని ఇక ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆధారం లేకుండా ఒక జాతినంతా దొంగల్ని చేసి, వాళ్ల డబ్బు మాత్రం లెక్కపెట్టి తీసుకోవడానికి ఏ వ్యాపారికీ హక్కు లేదు. తెలుగువాళ్ల విందులో ఈసారి ఆ మాట పడినప్పుడు, పక్కవాళ్ల మొహమాటం కోసం తల వంచుకోకుండా, అది తప్పని అక్కడే గట్టిగా చెప్పడం మనలో ప్రతి ఒక్కరి బాధ్యత.